విమానాశ్రయం దగ్గర ఇల్లు కడుతున్నారా? ఎంత ఎత్తు కట్టవచ్చో ముందే తేల్చుకోవడం ఎలా

"శంషాబాద్ పక్కన ప్లాట్ ఉంది, ఎన్ని అంతస్తులు వేయొచ్చు?", "గన్నవరం దగ్గర ఫ్లాట్ కొంటున్నాం, బిల్డర్ చూపించిన ఎయిర్‌పోర్ట్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) సరైనదేనా?" అని చాలామంది అడుగుతున్నారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం మెడికల్ కాలేజీ హాస్టల్ మీద కూలిన తర్వాత ఈ ప్రశ్నలు ఇంకా పెరిగాయి. ఆ ప్రమాదానికి భవనం ఎత్తు కారణమని ప్రాథమిక నివేదిక చెప్పలేదు. కానీ రన్‌వే చుట్టూ ఏం కడుతున్నామన్నది అందరం పట్టించుకోవాల్సిన విషయమేనని ఆ రోజు గుర్తుచేసింది.

అన్నిటికంటే ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. విమానాశ్రయం వాళ్లు అంతస్తులు లెక్కపెట్టరు. మీ కట్టడంలో అన్నిటికంటే పైన ఉండే కొన సముద్ర మట్టం నుంచి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందన్నదే చూస్తారు. ఆ కొన స్లాబ్ కాదు. నీళ్ల ట్యాంకు కావచ్చు, దాని మీద నిలబెట్టిన పిడుగు కడ్డీ కావచ్చు. ఈ ఒక్కటి సరిగా అర్థమైతే కింద చెప్పే తప్పుల్లో సగం జరగవు.

నియమాల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పౌర విమానయాన శాఖ 2015లో తెచ్చిన ఎత్తు పరిమితుల నియమాలే ఇప్పటికీ ఆధారం. వాటికి 2020లో సవరణలు జరిగాయి. విమానాశ్రయం మధ్య భాగంలో ఉండే రిఫరెన్స్ పాయింట్ నుంచి 20 కిలోమీటర్ల లోపు కట్టే ప్రతిదీ ఈ లెక్కలోకి వస్తుంది. ఇంజన్ ఒకటి ఆగిపోయినా విమానం నెమ్మదిగానైనా పైకి లేచి సురక్షితంగా తిరిగి దిగేందుకు చోటు ఉండాలన్నది దీని ఉద్దేశం. పెద్ద రన్‌వేల చివర ఈ హద్దు 2 శాతం వాలుతో పైకి లేస్తుంది. అంటే రన్‌వే చివర నుంచి కిలోమీటరు దూరంలో మీకు దొరికేది దాదాపు 20 మీటర్లే. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ప్లాట్ నాలుగు మూలల అక్షాంశ, రేఖాంశాలు. డబ్ల్యూజీఎస్ 84 పద్ధతిలో (జీపీఎస్ వాడేది ఇదే), డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉండాలి.
- నేల ఎత్తు, సముద్ర మట్టం నుంచి మీటర్లలో. పై రెండింటికీ లైసెన్స్ ఉన్న సర్వేయర్ సంతకంతో సర్టిఫికెట్ ఉండాలి.
- సర్వే నంబరు, గ్రామం, మండలం స్పష్టంగా ఉన్న డాక్యుమెంట్లు, సైట్ ప్లాన్.
- ఆర్కిటెక్ట్ గీసిన సెక్షన్ డ్రాయింగ్. ప్లాన్ ఒక్కటే సరిపోదు, ఎత్తులన్నీ కనిపించే సెక్షన్ కావాలి.
- మీ తరఫున వేరేవాళ్లు దరఖాస్తు పెడుతుంటే ఆథరైజేషన్ లెటర్.

ప్లాట్ ఇంకా కొనలేదా? అయితే మొదటి రెండు అడుగులు అడ్వాన్స్ ఇవ్వకముందే చేసేయండి.

1. ఏ ఏ విమానాశ్రయాల పరిధిలో ఉన్నారో చూడండి

"ఏ విమానాశ్రయం" కాదు, "ఏ ఏ విమానాశ్రయాలు" అని అడగాలి. హైదరాబాద్‌లో చాలామంది ఇక్కడే పొరబడతారు. శంషాబాద్ నుంచి నేరుగా కొలిస్తే గచ్చిబౌలి 20 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి మనకు సంబంధం లేదనుకుంటారు. కానీ బేగంపేట నుంచి అది 20 కిలోమీటర్ల లోపే. 2008లో శంషాబాద్ మొదలయ్యాక మామూలు ప్రయాణికుల విమానాలు బేగంపేటను వదిలేశాయి, రన్‌వే మాత్రం వాడుకలోనే ఉంది. కొంపల్లి, అల్వాల్ వైపు అయితే హకీంపేట, దుండిగల్ ఎయిర్ ఫోర్స్ స్థావరాలు ఉన్నాయి. అటు చార్మినార్ కూడా శంషాబాద్‌కు 20 కిలోమీటర్ల లోపే.

ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ బెంజ్ సర్కిల్ గన్నవరం పరిధిలోకి వస్తుంది. తిరుపతి ఊరు రేణిగుంట పరిధిలో ఉంది. విశాఖలో రన్‌వే నేవీది, ఐఎన్ఎస్ డేగా. ఉత్తరం వైపు భోగాపురం కొత్త విమానాశ్రయాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

దూరం కొలిచేటప్పుడు రోడ్డు దూరం తీసుకోకండి. ఫోన్ మ్యాప్‌లో దూరం కొలిచే సౌకర్యంతో రన్‌వే మధ్య నుంచి మీ ప్లాట్‌కు గీత గీయండి. 19, 21 కిలోమీటర్ల మధ్య వస్తే లోపల ఉన్నట్టే అనుకుని ముందుకు వెళ్లండి.

2. రంగుల మ్యాప్ తెరవండి

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, అంటే ఏఏఐ, నోకాస్ అనే ఆన్‌లైన్ పోర్టల్ నడుపుతోంది. ఎన్‌ఓసీ దరఖాస్తులు తీసుకునేది కూడా అందులోనే. అక్కడ చాలా విమానాశ్రయాలకు కలర్ కోడెడ్ జోనింగ్ మ్యాప్‌లు దొరుకుతాయి. చుట్టుపక్కల ప్రాంతాన్ని గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో సముద్ర మట్టం నుంచి ఎంత ఎత్తు వరకు వెళ్లొచ్చో రంగుతో చూపిస్తారు.

మీ నాలుగు మూలలూ ఏ గడిలో పడుతున్నాయో చూడండి. ఒక మూల పక్క గడిలోకి వెళ్తే తక్కువ ఎత్తు చూపించే గడినే పట్టుకోండి.

ఎరుపు గడి అయితే మున్సిపాలిటీ సొంతంగా అనుమతి ఇవ్వలేదు. రెండంతస్తుల ఇల్లైనా ఏఏఐ ఎన్‌ఓసీ కావాలి. వేరే రంగు గడిలో ఉండి, మీ కట్టడం కొన మ్యాప్‌లో చూపిన అంకె లోపే ఉంటే, స్థానిక సంస్థ ఆ మ్యాప్ ఆధారంగా అనుమతి ఇవ్వొచ్చు, విడిగా ఎన్‌ఓసీ అక్కర్లేదు. ఆ అంకె దాటాలనుకుంటే దరఖాస్తు పెట్టాల్సిందే.

ఇక్కడో హెచ్చరిక. మ్యాప్‌లో 660 అని ఉంటే 660 మీటర్ల భవనం కట్టొచ్చని కాదు. శంషాబాద్ రన్‌వేయే సముద్ర మట్టం నుంచి దాదాపు 617 మీటర్ల ఎత్తులో ఉంది. మీ నేల ఎత్తు తీసేయగా మిగిలిందే మీది.

మీ విమానాశ్రయానికి మ్యాప్ దొరక్కపోతే నేరుగా 5వ అడుగుకు వెళ్లకండి. 3, 4 అడుగులు మీకూ తప్పవు.

3. నేల ఎత్తు సరిగా కొలిపించండి

అన్నిటికంటే పెద్ద తప్పులు జరిగేది ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

జీపీఎస్ పరికరం ఇచ్చే ఎత్తు, సముద్ర మట్టం నుంచి ఎత్తు ఒకటి కావు. జీపీఎస్ భూమిని ఒక నున్నటి గణిత ఆకారంగా ఊహించుకుని, దాని మీద నుంచి ఎత్తు చెప్తుంది. మన దక్షిణ భారతంలో అసలు సముద్ర మట్టం ఆ ఊహా ఆకారం కంటే చాలా కిందికి ఉంటుంది. హైదరాబాద్ ప్రాంతంలో ఈ తేడా 70 మీటర్లకు పైనే. సర్వేయర్ దిద్దుబాటు చేయకుండా పరికరంలో వచ్చిన అంకెనే రాసిస్తే, 620 మీటర్ల ఎత్తులో ఉన్న ప్లాట్ కాగితం మీద 545 దగ్గరికి పడిపోతుంది. ఆ లెక్కన మీకు ఇరవై అంతస్తులకు పైగా అదనంగా దొరికినట్టు కనిపిస్తుంది. ఆ సంతోషం ఎన్నాళ్లో ఉండదు. ఎన్‌ఓసీ లెటర్‌లో స్పష్టంగా ఉంటుంది: నేల ఎత్తు దరఖాస్తుదారు ఇచ్చిందే నమ్మి ఇచ్చాం, అందులో తేడా వస్తే మాది బాధ్యత కాదు, ఈ ఎన్‌ఓసీయే చెల్లదు అని. కాగితం తప్పైతే పైన కట్టిన అంతస్తులు పోయేది మీవే.

సర్టిఫికెట్ చేతికి రాగానే మీరే ఇలా పరీక్షించుకోండి:

- మీ ప్లాట్ శంషాబాద్ చుట్టుపక్కల ఉంటే నేల ఎత్తు 617కి అటూ ఇటూ ఉండాలి. బేగంపేట రన్‌వే దాదాపు 531 మీటర్లు. ఈ అంకెలకు మీ సర్టిఫికెట్ 70, 80 మీటర్లు తేడాగా ఉంటే, దగ్గర్లో కొండో లోయో లేకపోతే, అది దిద్దని జీపీఎస్ అంకె.
- విశాఖ లాంటి తీర ప్రాంతంలో అయితే ఇంకా సులువు. దిద్దని అంకె మైనస్‌లో వస్తుంది.
- ఏ బెంచ్ మార్క్ (ఎత్తు ముందే ఖాయం చేసిన గుర్తు) నుంచి ఎత్తు తీసుకొచ్చారని సర్వేయర్‌ను అడగండి. సర్వే ఆఫ్ ఇండియా బెంచ్ మార్క్ పేరు చెప్పగలగాలి. లేదా ఏ దిద్దుబాటు పద్ధతి వాడారో చెప్పాలి. "మిషన్‌లో వచ్చిందండీ" అంటే వేరే సర్వేయర్‌ను చూసుకోండి.

ఇంకొకటి, ప్లాట్ లోతుగా ఉందని మట్టి పోసి లేపుతారు. మీటరు మట్టి పోస్తే మీటరు భవనం పోయినట్టే. పై హద్దు కదలదు, నేల మాత్రమే పైకి వస్తుంది. మట్టి పోసే ఆలోచన ఉంటే ఆర్కిటెక్ట్‌కు ముందే చెప్పండి.

4. కొన వరకు లెక్క వేయండి

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు అర్థం కావడానికి పెట్టినవి. అనుమతించిన పై హద్దు 655 మీటర్లు, నేల ఎత్తు 622.4 మీటర్లు అనుకోండి. మీకు దొరికేది 32.6 మీటర్లు.

ప్లింత్ (పునాది పీఠం) 0.5, స్టిల్ట్ (కింద పార్కింగ్ అంతస్తు) 3, తొమ్మిది అంతస్తులు ఒక్కోటి 3 చొప్పున 27. మొత్తం 30.5 మీటర్లు. ఇంకా 2.1 మిగిలింది కదా అని చాలామంది ఇక్కడ ఆపేసి ప్లాన్ మీద సంతకం పెట్టేస్తారు.

ఇప్పుడు టెర్రస్ ఎక్కండి. మెట్ల గది 2.7 మీటర్లు. దాని నెత్తిన పెట్టిన నీళ్ల ట్యాంకు 1.8. ట్యాంకు మీద పిడుగు కడ్డీ 1.5. అంటే ఇంకో 6 మీటర్లు. మొత్తం 36.5 అయింది, హద్దు 3.9 మీటర్లు దాటింది. ఇలాగే ఉంచాలంటే రెండు అంతస్తులు తీసేయాలి.

కానీ ట్యాంకును మెట్ల గది మీద నుంచి దించి టెర్రస్ మీదే పక్కన పెడితే 1.8 తగ్గుతుంది, మొత్తం 34.7. ఒక్క అంతస్తు తగ్గిస్తే 31.7. హద్దులోపే ఉన్నాం, 0.9 మీటర్ల వెసులుబాటు కూడా ఉంది. అంటే ఒక్క ట్యాంకు చోటు మార్చినందుకు ఒక అంతస్తు దక్కింది. లిఫ్ట్ ఉన్న భవనమైతే పైన మెషిన్ రూమ్ అక్కర్లేని రకం లిఫ్ట్ గురించి అడగండి. అది కూడా ఎత్తు తగ్గిస్తుంది.

లెక్కలో మర్చిపోయేవి: పారపెట్, సోలార్ ప్యానెళ్ల ఫ్రేమ్, డిష్, టెర్రస్ మీద రేకుల షెడ్డు, హోర్డింగ్, తర్వాతెప్పుడో అద్దె వస్తుందని పెట్టనిచ్చే మొబైల్ టవర్. కడుతున్నప్పుడు వాడే క్రేన్ బూమ్ కూడా ఆ హద్దు దాటకూడదు. కనీసం అర మీటరైనా వెసులుబాటు ఉంచుకోవాలని నా గట్టి సలహా. స్లాబులు వేసేటప్పుడు రెండేసి అంగుళాలు పెరగడం మామూలే, తొమ్మిది స్లాబులకు అది ఎంతవుతుందో మీరే లెక్క కట్టుకోండి.

5. ఎన్‌ఓసీకి దరఖాస్తు

నోకాస్ పోర్టల్‌లో రిజిస్టర్ అయి, వివరాలు నింపి, సర్టిఫికెట్లు, సైట్ ప్లాన్, అండర్‌టేకింగ్ అప్‌లోడ్ చేయండి. ఫీజు ఉంటే పోర్టల్ చూపించినంతే, ఆన్‌లైన్‌లోనే. "లోపల మాట్లాడి ఎత్తు పెంచిస్తా" అనే మనిషి మీ దగ్గరకు వస్తే దండం పెట్టి పంపేయండి. ఇది లెక్క ప్రకారం వచ్చే అంకె, మాటలతో పెరగదు.

టైప్ చేసేటప్పుడు అక్షాంశం, రేఖాంశం తారుమారు కాకుండా చూసుకోండి. తెలుగు రాష్ట్రాల్లో అక్షాంశం 12 నుంచి 20 లోపు, రేఖాంశం 76 నుంచి 85 లోపు ఉంటుంది. దశాంశాల్లో ఉన్న అంకెను నిమిషాల పెట్టెలో అలాగే కొట్టేయడం ఇంకో మామూలు తప్పు. 17.50 డిగ్రీలు అంటే 17 డిగ్రీల 50 నిమిషాలు కాదు, 17 డిగ్రీల 30 నిమిషాలు. ఆ ఒక్క పొరపాటుతో మీ ప్లాట్ 37 కిలోమీటర్లు పక్కకు వెళ్లిపోతుంది. సబ్మిట్ నొక్కే ముందు ఆ అంకెలను ఫోన్ మ్యాప్‌లో వేసి, పిన్ మీ ప్లాట్ మీదే పడుతోందా చూడండి.

ఎయిర్ ఫోర్స్, నేవీ స్థావరాల పరిధిలో ఉంటే దారి వేరు. ఏఏఐ ఇచ్చే ఎన్‌ఓసీ పౌర విమానాశ్రయాలకే వర్తిస్తుంది. హకీంపేట, దుండిగల్ అయితే ఎయిర్ ఫోర్స్ నుంచి, విశాఖలో నేవీ నుంచి విడిగా తీసుకోవాలి. ఏఏఐ కాగితం ఒకటి చేతిలో ఉంది కదా అని ఆగిపోతే తర్వాత చాలా టెన్షన్ పడాల్సి వస్తుంది. రక్షణ స్థావరాల గోడ దగ్గర ఎత్తుతో సంబంధం లేని ఆంక్షలు కూడా ఉంటాయి. మున్సిపాలిటీలో ముందే కనుక్కోండి.

6. లెటర్ వచ్చాక ఇవి సరిచూడండి

చదవకుండా ఫైల్లో పెట్టేయకండి. వరుసగా చూడండి:

- అక్షాంశ, రేఖాంశాలు, సర్వే నంబరు మీవేనా?
- నేల ఎత్తు మీ సర్టిఫికెట్‌లో ఉన్నదేనా?
- అనుమతించిన పై హద్దు ఎంత? అందులోంచి నేల ఎత్తు తీస్తే వచ్చే అంకె మీ డ్రాయింగ్ కంటే ఎక్కువగా ఉందా?
- ఏ ఏ విమానాశ్రయాల కోసం పరిశీలించారో రాసి ఉందా?
- గడువు ఎప్పటి వరకు? మామూలు భవనాలకు 8 ఏళ్లు. పని మొదలుపెట్టి, మీ చేతిలో లేని కారణాలతో ఆలస్యమైతే ఒక్కసారి పొడిగింపు అడగొచ్చు. కానీ గడువు ముగియకముందే అడగాలి.

షరతుల్లో ఒక వాక్యం కొనేవాళ్లంతా చదవాలి. ఈ ఎన్‌ఓసీ ఎత్తు కోసం మాత్రమే, భూమి యాజమాన్యానికి రుజువు కాదు. "ఎయిర్‌పోర్ట్ వాళ్లే క్లియరెన్స్ ఇచ్చారు, టైటిల్‌కు ఢోకా లేదు" అని ఎవరైనా బ్రోచర్‌లో రాస్తే నమ్మకండి. విమానాల శబ్దం మీద ఫిర్యాదు గానీ, నష్టపరిహారం గానీ అడగనని ఒప్పుకుంటున్నట్టు కూడా అందులో ఉంటుంది.

ఎత్తు తక్కువ వచ్చిందా?

ముందు 4వ అడుగుకు వెళ్లి డ్రాయింగ్ మార్చి చూడండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. మీకూ రన్‌వేకూ మధ్య ఎప్పటికీ కదలని కొండ లాంటిది ఉంటే దాని చాటున కొంత ఎత్తు దొరికే అవకాశం నియమాల్లో ఉంది, అలాగే ఏరోనాటికల్ స్టడీ (మీ కట్టడం విమానాలకు నిజంగా అడ్డమా అని చేసే ప్రత్యేక పరిశీలన) కోరవచ్చు, అప్పీల్ కమిటీకి వెళ్లొచ్చు. పెద్ద ప్రాజెక్టులకు ఇవి పనికొస్తాయి. సొంతిల్లు కట్టుకునేవాళ్లకు ఆ ఖర్చు, ఆ ఎదురుచూపు గిట్టవని నా అభిప్రాయం.

పక్కవాడు ఎనిమిది అంతస్తులు కట్టాడు కదా అనే వాదన పనిచేయదు. అతని నేల మీకంటే పల్లంలో ఉండొచ్చు, వేరే గడి కావొచ్చు, లేదా అతని భవనమే అక్రమం కావొచ్చు. "ముందు కట్టేద్దాం, తర్వాత రెగ్యులరైజ్ చేయించుకుందాం" అన్నది ఇంకా ప్రమాదం. సెట్‌బ్యాక్ తప్పిదాల్లా డబ్బు కడితే మాఫీ అయ్యే విషయం కాదిది. 2022లో ముంబయి విమానాశ్రయం దగ్గర 48 భవనాల్లో హద్దు దాటిన భాగాలను కూల్చమని బొంబాయి హైకోర్టు ఆదేశించింది. ఆ పైఅంతస్తుల్లో ఉన్నవాళ్లలో అప్పులు చేసి కొనుక్కున్న మామూలు కుటుంబాలే ఎక్కువ ఉంటాయి. అడ్డంకి తొలగనప్పుడు విమానాశ్రయం తన రన్‌వేలో దిగడానికి వాడే పొడవునే కుదించుకోవాల్సి వస్తుంది. అంటే ఒకరి ట్యాంకు కోసం ప్రతి విమానంలోనూ ప్రయాణికులందరికీ ఉండాల్సిన భద్రత తగ్గిపోతుంది. నేను ఇంత పట్టుబట్టి చెప్పేది అందుకే.

ఫ్లాట్ కొనేవాళ్లు చేయాల్సింది

బిల్డర్ దగ్గర ఎన్‌ఓసీ కాపీ అడగండి. తర్వాత మీ రాష్ట్ర రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో ప్రాజెక్ట్ పేరుతో వెతికి, అక్కడ పెట్టిన అనుమతులతో పోల్చండి. ఎన్‌ఓసీ ఐడీ, సర్వే నంబరు, టవర్ల సంఖ్య మూడూ కలవాలి. ఒక టవర్‌కు తీసుకున్న ఎన్‌ఓసీనే అన్ని టవర్లకూ చూపించడం జరుగుతుంటుంది. మీరు కొంటున్న టవర్ అక్షాంశ, రేఖాంశాలు అందులో ఉన్నాయా చూడండి.

చివరి అంతస్తు, పెంట్‌హౌస్ కొంటుంటే ఇంకో పని చేయండి. మంజూరైన ప్లాన్‌లో ఎన్ని అంతస్తులున్నాయో, సైట్‌లో ఎన్ని స్లాబులు పడ్డాయో లెక్కపెట్టండి. ఒక్కటి ఎక్కువున్నా అడ్వాన్స్ ఇవ్వకండి. పాత భవనంలో అనుమానం ఉంటే, సర్వేయర్‌తో టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం పెట్టించి కొన ఎత్తు సముద్ర మట్టం నుంచి కొలిపించి, లెటర్‌లోని పై హద్దుతో పోల్చండి.

ఇల్లు పూర్తయ్యాక

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు వెళ్లే ముందు, ట్యాంకు, కడ్డీ బిగించిన తర్వాత, మరోసారి కొన ఎత్తు కొలిపించి సర్వేయర్ సంతకంతో కాగితం తీసుకోండి. ఎన్‌ఓసీ, మంజూరు ప్లాన్‌తో పాటు దాన్ని భద్రంగా పెట్టుకోండి. లెటర్‌లో ఎర్ర లైట్లు పెట్టమని షరతు ఉంటే, కరెంటు పోయినా వెలిగేలా వేరే సరఫరా ఇవ్వాలి. బల్బు మాడిపోతే వెంటనే మార్చాలి.

అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ మినిట్స్‌లో పై హద్దు అంకెను రాసి ఉంచండి. కమిటీలు మారుతుంటాయి. ఐదేళ్ల తర్వాత టవర్ కంపెనీ వాళ్లు వచ్చినప్పుడు ఆ అంకె ఎవరికీ గుర్తుండదు. చెత్త సంగతి కూడా అందులోనే రాయండి: రిఫరెన్స్ పాయింట్ నుంచి 10 కిలోమీటర్ల లోపు బయట చెత్త పోయడం, జంతువులను కోయడం నిషేధం. అవి పక్షులను రప్పిస్తాయి, పక్షి ఇంజన్లో పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు, పెళ్లి వీడియోకైనా సరే.